గ్లామ్ రాక్ బేస్: తళుకుల కింద నాలుగు తీగలు

గ్లామ్ రాక్ అనగానే ముందు గుర్తొచ్చేవి చెంపల మీద తళుకుపొడి, శాటిన్ ప్యాంట్లు, జానెడు మందం అడుగున్న బూట్లు. 1971 మార్చిలో టి. రెక్స్ బ్యాండ్ గాయకుడు మార్క్ బోలన్ కళ్ల కింద మెరుపులు అద్దుకుని బీబీసీ 'టాప్ ఆఫ్ ద పాప్స్'లో కనిపించాడు. అప్పట్నుంచి 1975 వరకు, మహా అయితే నాలుగైదేళ్లు, బ్రిటన్‌ని ఊపేసిన సందడి అది. బోలన్, డేవిడ్ బోవీ, స్లేడ్ గాయకుడు నాడీ హోల్డర్ పేర్లు అందరికీ తెలుసు. వాళ్ల వెనక బేస్ గిటార్ వాయించిన స్టీవ్ కరీ, ట్రెవర్ బోల్డర్, జిమ్ లీ ఎవరని అడిగితే మాత్రం చాలామంది తడుముకుంటారు. ఆ పాటలు వింటుంటే ఇవాళ్టికీ కాలు ఊరుకోకపోవడానికి సగం కారణం వీళ్లే.

నమ్మకం కలక్కపోతే ఆ కాలపు పాట ఏదైనా పెట్టి, ఈక్వలైజర్‌లో 300 హెర్ట్జ్ పైనున్నదంతా బాగా తగ్గించి వినండి. గొంతు పోతుంది, గిటార్లు పోతాయి, చప్పట్లు పోతాయి. పాట మాత్రం పోదు. ఎక్కడ మలుపు తిరుగుతోందో, పల్లవి ఎప్పుడు రాబోతోందో అంతా తెలిసిపోతూనే ఉంటుంది.

ఇందులో మాయేమీ లేదు. ఆ రికార్డుల్లో గిటార్‌ని ఒకే రిఫ్ (పదే పదే తిరిగొచ్చే చిన్న వరస) మీద రెండు మూడుసార్లు వాయించి పొరలు పొరలుగా వేసేవాళ్లు. ఆ మోత అంతా మధ్య ఫ్రీక్వెన్సీల్లోనే ఉండేది. డ్రమ్ముల మీద గుడ్డలు కప్పి, మోగీ మోగకముందే ఆగిపోయేలా చేసేవాళ్లు. పైన కేకలు, చప్పట్లు. ఇక 60 నుంచి 250 హెర్ట్జ్ వరకు చోటంతా ఖాళీ. ఆ ఖాళీ బేస్ వాయించేవాడికి రాసిచ్చినట్టే. పైగా ఆ సింగిల్స్‌ని జనం విన్నది చిన్న రేడియోల్లో. బేస్ గిటార్‌లో అన్నిటికన్నా కింది తీగ ఇ, దాని మూల కంపనం 41 హెర్ట్జ్. అరచేయంత స్పీకర్‌లో అది పలకనే పలకదు. 82, 123 హెర్ట్జ్ దగ్గర పుట్టే అనుస్వరాలను బట్టి చెవి దాన్ని ఊహించుకుంటుంది. కాబట్టి అడుగున గుబగుబ ఎంత ఉన్నా లాభం లేదు. 700 నుంచి 1000 హెర్ట్జ్ మధ్య తీగని మీటిన 'టక్' స్పష్టంగా ఉండాలి. ఆ టక్ లేకుండా ఎంత ఖరీదైన పాత వాయిద్యం పట్టుకున్నా గ్లామ్ బేస్ వినిపించదు. కిందచెప్పేదంతా ఆ టక్ కోసమే.

వాయిద్యాలు

ఈ కాలానికి బాగా అతికిపోయిన బేస్ అంటే నా ఓటు గిబ్సన్ ఇబి-3కే. 1961లో వచ్చింది. ఎస్‌జి గిటార్ ఆకారం, రెండు కొమ్ములు, 30.5 అంగుళాల స్కేల్, అంటే తీగ మోగే పొడవు. బోవీ వెనక వాయించిన స్పైడర్స్ బ్యాండ్‌లో ట్రెవర్ బోల్డర్, స్లేడ్‌లో జిమ్ లీ వాయించింది ఇదే. ఫెండర్ కంపెనీ బేస్‌ల 34 అంగుళాలతో పోలిస్తే ఫ్రెట్లు (మెడ మీది లోహపు అడ్డగీతలు) దగ్గర దగ్గరగా ఉంటాయి కాబట్టి వేళ్లు ఎక్కువ చాపక్కర్లేదు. అదే శ్రుతికి తీగ బిగువు కూడా తగ్గుతుంది. అందువల్ల స్వరం మొదట్లో కాస్త ఉబ్బినట్టు మోగి తర్వాత సర్దుకుంటుంది. ఆ ఉబ్బే ఈ బేస్‌కి అందం.

దీని తలనొప్పి కూడా అక్కడే ఉంది. మెడ చివర ఉండే పెద్ద హంబకర్ (తీగ కంపనాన్ని విద్యుత్తుగా మార్చే జంట చుట్టల పికప్) నిరోధం సుమారు 30 కిలో ఓమ్స్. మామూలు ఫెండర్ ప్రెసిషన్ బేస్ పికప్‌ది 10, 11కి మించదు. చుట్టలు అంత ఎక్కువైతే పై ఫ్రీక్వెన్సీలు పికప్ దాటి రానే రావు. అది సరిగ్గా మెడ పక్కనే ఉండటంతో తీగ బాగా ఊగే చోట మూల స్వరాన్నే పట్టుకుంటుంది. ఆ ఒక్కటే ఆన్ చేసి బ్యాండ్‌తో వాయిస్తే గోడలు అదురుతాయి గానీ ఏ స్వరం వాయిస్తున్నారో ఎవరికీ తెలియదు. చేయాల్సింది ఇది: పెద్ద పికప్‌ని తీగలకు దూరంగా, వీలైనంత కిందకు దించండి. బ్రిడ్జ్ (తీగల కింది చివరలను పట్టే పీట) దగ్గరి చిన్న హంబకర్‌ని, తీగని ఆఖరి ఫ్రెట్ మీద నొక్కిపట్టినప్పుడు 2.5 మిల్లీమీటర్ల దూరంలో ఉండేలా పైకి లేపండి. నాలుగు స్థానాల రోటరీ స్విచ్‌ని రెండు పికప్‌లూ కలిసి మోగే చోట పెట్టి, చిన్న పికప్ వాల్యూమ్ పూర్తిగా తెరిచి, పెద్దదాన్ని కొద్దికొద్దిగా కలపండి. సగం దాటకముందే చాలు అనిపిస్తుంది.

మాట్ ద హూపుల్‌లో పీట్ ఓవరెండ్ వాట్స్ పేరు చెబితే గిబ్సన్ థండర్‌బర్డ్, దాంతోపాటు తొడల దాకా వచ్చే బూట్లు గుర్తొస్తాయి. 1972లో ఆ బ్యాండ్ చెదిరిపోతున్నప్పుడు వాట్స్ బోవీకి ఫోన్ చేసి బేస్ వాయించే పని ఏమైనా ఉందా అని అడిగాడు. పని దొరకలేదు గానీ బోవీ వాళ్లకో పాట రాసిచ్చి, రికార్డు కూడా తనే ప్రొడ్యూస్ చేశాడు. బ్యాండ్ బతికిపోయింది. గ్లామ్ చరిత్రలో బేస్ వాయించేవాడు చేసిన అతి లాభసాటి ఫోన్ అదేనేమో.

థండర్‌బర్డ్ 1963లో వచ్చింది, స్కేల్ 34 అంగుళాలు. చూడ్డానికి దీన్ని మించింది లేదు, మెడలో వేసుకున్నాకే కష్టాలు మొదలవుతాయి. తల బరువు, పైకొమ్ము పొట్టి. చేయి వదిలితే మెడ నేలచూపు చూస్తుంది. దాన్ని ఎడమచేత్తో మోస్తూ వాయిస్తే అరగంటలో మణికట్టు పట్టేస్తుంది. కనీసం 7 సెంటీమీటర్ల వెడల్పున్న, లోపలివైపు గరుకు తోలున్న పట్టీ వాడండి. నున్నటి నైలాన్ పట్టీ, దాని కింద శాటిన్ చొక్కా అయితే జారుడే జారుడు. ఇంకో సంగతి: తల వెనక్కి వాలి ఉండటం, సరిగ్గా అక్కడే ట్రస్ రాడ్ (మెడ వంపుని సరిచేసే లోపలి కడ్డీ) కోసం కొయ్య తొలచడం వల్ల ఆ చోటు బలహీనం. గోడకి ఆనించి పెట్టి జారి పడితే విరిగేది తల దగ్గరే. స్టాండ్ లేని చోట పెట్టెలోనే ఉంచండి.

రికెన్‌బ్యాకర్ 4001కి ఆ టక్ పుట్టుకతోనే వచ్చింది. బ్రిడ్జ్ పికప్‌కి వరసలో 0.0047 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఉంటుంది. అది కింది ఫ్రీక్వెన్సీలను ఆపేసి పైవాటినే వదుల్తుంది. రెండు పికప్‌లూ కలిపితే కింద మెడ పికప్ గుండ్రని స్వరం, పైన బ్రిడ్జ్ పికప్ గరగర. పాత 4001 కొనేవాళ్లకు ఒక హెచ్చరిక: అందులో రెండు ట్రస్ రాడ్లుంటాయి, వాటి పద్ధతే వేరు. మెడని ముందు చేత్తో వంచి కావలసిన చోటికి తెచ్చి, ఆ తర్వాత నట్ బిగించి నిలపాలి. మెడని లాగే పని నట్‌కే అప్పగిస్తే ఫింగర్‌బోర్డు ఊడొస్తుంది. ఈ పని తెలిసిన మనిషి చేతే చేయించండి.

చేతిలో ఇవేవీ లేకపోతే బెంగ అక్కర్లేదు. 1957 నుంచి ఇప్పటిదాకా పెద్దగా మారని స్ప్లిట్ పికప్ ప్రెసిషన్, లేదా దాని నమూనాలో చేసిన ఏ చవక బేస్ అయినా చాలు. సూజీ క్వాట్రోకి వాళ్ల నాన్న ఇచ్చింది 1957 ప్రెసిషనే. అయిదడుగుల మనిషి, 34 అంగుళాల స్కేల్ బేస్. అది వాయిస్తూ, పాడుతూ 1973లో బ్రిటన్ చార్టుల్లో మొదటి స్థానానికి వెళ్లింది. పొట్టి వేళ్లకి పొట్టి స్కేలే కావాలనేవాళ్లు ఆమె ఎడమచేతిని గమనించాలి. వేలు ఆనకపోతే చేయి మొత్తం జరుపుతుంది తప్ప వేళ్లని సాగదీయదు.

తీగలు, స్పంజి, పిక్

తీగల్లో రెండు దారులున్నాయి. ఫ్లాట్‌వౌండ్ తీగ పైకి నున్నగా ఉంటుంది, స్వరం త్వరగా ఆరిపోతుంది, వేలి రాపిడి వినిపించదు. రౌండ్‌వౌండ్ తీగ గరుకుగా ఉంటుంది, మోత ఎక్కువ. 1966లో ద హూ బ్యాండ్ బేస్ వాద్యకారుడు జాన్ ఎంట్‌విజిల్‌తో కలిసి రోటోసౌండ్ వాళ్లు తీర్చిదిద్దిన స్టీల్ రౌండ్‌వౌండ్‌లు వచ్చాకే బ్రిటిష్ రాక్ బేస్‌కి ఆ పియానోలాంటి ఖంగు పట్టుబడింది. టి. రెక్స్ తరహా ఊగే పాటలకి ఫ్లాట్‌వౌండ్ హాయిగా ఉంటుంది. స్వీట్, స్లేడ్ బ్యాండ్ల గట్టి పాటలకి రౌండ్‌వౌండ్ లేకపోతే గిటార్ల కింద నలిగిపోతారు. ఒకటే కొనగలిగితే రౌండ్‌వౌండ్ కొనండి, మందం 45-65-80-105. గరుకు తీగని స్పంజితో మెత్తబరచవచ్చు. నున్నటి తీగకి లేని గరుకు తెప్పించలేం.

30.5 అంగుళాల బేస్‌కి పొట్టి స్కేల్ తీగలే వేయాలి. పొడుగు తీగ తెచ్చి వేస్తే, శ్రుతి మేకు (తీగని చుట్టి బిగించే కీలు) దగ్గర సన్నబడాల్సిన చోట ఇంకా మందపాటి చుట్టే ఉంటుంది. అది ఇరుకు మలుపు తిరిగేటప్పుడు చుట్ట విచ్చుకుంటుంది. తెగకపోయినా స్వరం చచ్చిపోతుంది. కొత్త తీగ కోసేముందు, మేకు దాటి 10 నుంచి 12 సెంటీమీటర్లు వదిలి, అక్కడ నిటారుగా మడతపెట్టి, ఆ మడతకి అవతల కోయండి. మడత లేకుండా కోస్తే లోపలి తీగ మీద బయటి చుట్ట జారిపోయి, ఎంత శ్రుతి చేసినా నిలవని తీగ తయారవుతుంది. మేకుకి రెండున్నర, మూడు చుట్లు పైనుంచి కిందకి రావాలి.

స్పంజి గురించి కాస్త నిదానంగా చెప్పుకోవాలి, అసలు కిటుకు ఇదే కాబట్టి. పాత ఫెండర్లలో బ్రిడ్జ్ మీద లోహపు మూత ఉండేది, దాని లోపల తీగలకు తగిలేలా స్పంజి అంటించి ఉండేది. మూత తీసేసినవాళ్లు చాలామంది ఆ స్పంజితో వచ్చే శబ్దాన్నీ పోగొట్టుకున్నారు. మళ్లీ తెచ్చుకోవడం సులువు. 2 సెంటీమీటర్ల వెడల్పు, నాలుగు తీగలకూ సరిపడా పొడవు, 10 నుంచి 12 మిల్లీమీటర్ల మందం ఉన్న మెత్తటి స్పంజి ముక్క కోసి, తీగల కింద బ్రిడ్జ్‌కి ఆనేలా దూర్చండి. అది తీగని తాకాలి, ఎత్తకూడదు. ఎత్తిందంటే పన్నెండో ఫ్రెట్ దగ్గర శ్రుతి పెరిగినట్టు వినిపిస్తుంది, అప్పుడు పల్చటి ముక్క పెట్టండి. బ్రిడ్జ్‌కి 3 సెంటీమీటర్ల కన్నా దూరంగా జరిగితే స్వరం బదులు ఉత్త 'దబ్' మిగులుతుంది. జి తీగ సన్నం కాబట్టి అది ముందే మూగబోతుంది. స్పంజిలో ఆ తీగ కిందిభాగాన్ని బ్లేడుతో 2 మిల్లీమీటర్లు తగ్గిస్తే నాలుగూ సమానంగా ఆరతాయి.

స్పంజి నచ్చనివాళ్లు కుడి అరచేయి అంచుని బ్రిడ్జ్ మీద ఆనించి అదే పని చేయొచ్చు. లాభమేమిటంటే పల్లవిలో చేయి ఎత్తి తీగని పూర్తిగా మోగనివ్వచ్చు, చరణంలో మళ్లీ నొక్కొచ్చు. గ్లామ్ పాటల్లో పల్లవి ఒక్కసారిగా పెద్దదైనట్టు అనిపించడానికి ఈ చేయి ఎత్తడం కూడా ఒక కారణం. చేయి సాడిల్స్ (బ్రిడ్జ్ మీద తీగలు ఆనే చిన్న దిమ్మలు) మీదే ఉండాలి. అర సెంటీమీటరు ముందుకు జరిగినా స్వరం మింగేస్తుంది.

పిక్ (తీగ మీటే చిన్న బిళ్ల) మందం 0.88 నుంచి 1.14 మిల్లీమీటర్లు. పల్చటి పిక్ ఇ తీగ మీద వంగిపోయి ఆలస్యంగా తిరిగొస్తుంది, లయ వెనకబడుతుంది. చిన్నగా, మొన మాత్రమే బయటికి కనిపించేలా పట్టుకోండి. తీగకి సమాంతరంగా కాకుండా కొద్దిగా వాల్చి కొడితే 'చిక్' అనే పలుచటి చప్పుడు తగ్గి టక్ గట్టిపడుతుంది. ఎనిమిదో స్వరాలన్నీ (బీట్‌లో సగం నిడివివి) వీలైనంతవరకు కిందిదెబ్బలతోనే వాయించాలి. నిమిషానికి 140 బీట్లు దాటాక చేయి మొరాయిస్తే అప్పుడు పైదెబ్బ కలుపుకోండి. రెండు రకాల దెబ్బలూ ఒకేలా వినిపించే దాకా నెమ్మదిగా సాధన చేశాకే.

తీగలు, స్పంజి కుదిరాక సెటప్. ఈ వరస తప్పకూడదు: శ్రుతి, మెడ వంపు, తీగల ఎత్తు, ఇంటోనేషన్ (మెడ పొడవునా శ్రుతి సరిగ్గా పలకడం). మొదటి ఫ్రెట్ మీద కేపో (తీగల్ని నొక్కిపట్టే క్లిప్పు) పెట్టి, ఇ తీగని ఆఖరి ఫ్రెట్ దగ్గర నొక్కి, ఎనిమిదో ఫ్రెట్‌కీ తీగకీ మధ్య సందు చూడండి. 0.35 మిల్లీమీటర్లు ఉండాలి. ట్రస్ రాడ్‌ని ఒకసారికి పావు తిప్పు మించి తిప్పకండి. తిప్పాక మళ్లీ శ్రుతి చేసి, కాసేపాగి కొలవండి. పదిహేడో ఫ్రెట్ దగ్గర ఇ తీగ ఎత్తు 2.4, జి తీగది 2 మిల్లీమీటర్లు. పిక్‌తో గట్టిగా కొట్టేవాళ్లకి ఇంతకన్నా దిగితే గరగరే. ఇంటోనేషన్ సరిచూసేటప్పుడు స్పంజి తీసేయాలి, అది ఉంటే ట్యూనర్ సూది తడబడుతుంది.

తకిట నడక

గ్లామ్ పాటల్లో పెద్ద భాగం తిన్నగా నడవవు, ఊగుతాయి. ఒక్కో బీట్‌ని మూడు ముక్కలు చేసి 'తకిట' అనుకోండి. 'త' దగ్గర ఒక దెబ్బ, 'ట' దగ్గర ఒక దెబ్బ, మధ్యలో 'కి' ఖాళీ. పాశ్చాత్యులు దీన్ని షఫుల్ అంటారు. నిమిషానికి 120 నుంచి 135 బీట్ల మధ్య ఈ నడక అడుగులేసినట్టు దిట్టంగా ఉంటుంది. 150 దాటితే బరువు పోయి పరుగు మిగులుతుంది.

చేతి కింద ఉండాల్సిన మొదటి ఆకారం ఇది, ఎ మేజర్‌లో. ఇ తీగ 5వ ఫ్రెట్ మధ్యవేలితో, ఎ తీగ 4వ ఫ్రెట్ చూపుడువేలితో, ఎ తీగ 7వ ఫ్రెట్ చిటికెనవేలితో, డి తీగ 4వ ఫ్రెట్ చూపుడువేలితో, డి తీగ 5వ ఫ్రెట్ మధ్యవేలితో. అక్కణ్నుంచి వచ్చిన దారినే వెనక్కి. సరిగమల్లో అయితే స గ ప ద ని ద ప గ, ఇందులో గాంధారం అంతరం, నిషాదం కైశికి. ఒక్కో స్వరానికి ఒక బీట్, బీట్‌కి రెండు దెబ్బలు. ఎనిమిది స్వరాలకి రెండు బార్లు (నాలుగు బీట్లకొక బార్) సరిపోతాయి. డి కార్డ్ వస్తే ఇదే ఆకారాన్ని ఒక తీగ అవతలికి జరపండి, అంటే ఎ తీగ 5వ ఫ్రెట్ నుంచి మొదలు. ఇ కార్డ్‌కి ఎ తీగ 7వ ఫ్రెట్ నుంచి. మూడు కార్డులూ వచ్చాయంటే బూగీ (ఇలా ఊగుతూ నడిచే) పాటల్లో ముప్పావు వంతు చేతికొచ్చినట్టే.

ఇక్కడ అందరూ చెడగొట్టేది మొదటి దెబ్బ పొడవు. 'త' స్వరం 'కి' దాటి 'ట' దాకా సాగితే నడక జిగురైపోతుంది. 'త' వాయించి, 'కి' వచ్చేసరికి ఎడమచేతి వేలిని ఫ్రెట్ మీంచి పూర్తిగా ఎత్తకుండా వదులు చేయండి. తీగ మూగబోవాలి, వేలు తీగని వదలకూడదు. ఆ చిన్న నిశ్శబ్దం లేకపోతే ఊపు పుట్టదు. మెట్రోనోమ్‌ని ప్రతి బీట్‌కీ కాకుండా రెండు, నాలుగు బీట్ల మీద మాత్రమే మోగేలా పెట్టుకుని 90 దగ్గర మొదలుపెట్టండి. నిలకడ వచ్చాక ఐదేసి పెంచుకుంటూ పోవచ్చు.

స్టీవ్ కరీ పద్ధతి దీనికన్నా పొదుపు. చాలాచోట్ల రెండు మూడు స్వరాలతోనే సరిపెట్టి, బోలన్ గిటార్‌కి అడ్డం రాకుండా కూర్చుంటాడు. విసుగు పుట్టకుండా అలా వాయించడం బూగీ ఆకారం మొత్తం వాయించడం కన్నా కష్టం. జిమ్ లీ సరిగ్గా అటు కొస. చిన్నప్పుడు వయొలిన్ నేర్చుకుని యూత్ ఆర్కెస్ట్రాలో వాయించినవాడు. అందుకే అతని బేస్ లైన్లు కార్డు కింద నిలబడవు, పాట పక్కన ఇంకో పాట పాడతాయి. స్లేడ్‌కి బ్రిటన్‌లో ఆరు నంబర్ వన్‌లు వచ్చాయి. వాళ్ల ప్రొడ్యూసర్ ఛాస్ ఛాండ్లర్ కూడా ఒకప్పుడు యానిమల్స్ బ్యాండ్‌లో బేస్ వాయించినవాడే. బేస్‌ని అంత పైకి పెట్టి మిక్స్ చేయడంలో ఆ పాత అభిమానం ఉందేమో అనిపిస్తుంది.

ట్రెవర్ బోల్డర్ దగ్గర నేర్చుకోవాల్సింది దిగే దారులు. లండన్ ట్రైడెంట్ స్టూడియోలో కెన్ స్కాట్ ప్రొడ్యూస్ చేసిన 'జిగ్గీ స్టార్‌డస్ట్' ఆల్బమ్ 1972 జూన్‌లో వచ్చింది. అందులో మిక్ రాన్సన్ గిటార్‌తో కార్డు మొత్తం నింపేస్తుంటే, బోల్డర్ ఒక కార్డుకీ ఇంకో కార్డుకీ మధ్య మెట్లు కడతాడు. ఆ తరహా అభ్యాసం ఒకటి: ఇ తీగ 3వ ఫ్రెట్ మీద జి ఒక బార్, 2వ ఫ్రెట్ మీద ఎఫ్ షార్ప్ ఒక బార్, ఖాళీ తీగ మీద ఇ ఒక బార్. నాలుగో బార్‌లో మొదటి రెండు బీట్లు ఎ ఖాళీ తీగ, తర్వాతి రెండు బీట్లు ఎ తీగ 2వ ఫ్రెట్ మీద బి, అక్కణ్నుంచి 3వ ఫ్రెట్ మీద సి కి చేరడం. ఇది వచ్చాక మొదటి బార్ నాలుగో బీట్ మీద మాత్రం డి తీగ 5వ ఫ్రెట్, అంటే పై స్థాయి జి తగిలించండి. అంతే, మరో అలంకారం వద్దు. ప్రతి బార్ చివరా ఒక మెలిక వేస్తే గాయకుడి మాటలు వినపడవు.

1973 జూలై 3న హామర్‌స్మిత్ ఓడియన్ వేదిక మీద బోవీ ఇదే ఆఖరి ప్రదర్శన అని ప్రకటించినప్పుడు, ఆ సంగతి బోల్డర్‌కీ డ్రమ్మర్ వుడీ వుడ్‌మన్‌సీకీ ముందుగా తెలియదు. రిథమ్ సెక్షన్ వాళ్లకి కబుర్లు ఎప్పుడూ ఆఖర్నే అందుతాయి.

హెర్బీ ఫ్లవర్స్ జంట స్వరాలు

ఏ బ్యాండ్‌కీ కట్టుబడకుండా స్టూడియోల్లో వాయించి ఈ కాలాన్ని మలిచినవాడు హెర్బీ ఫ్లవర్స్. లూ రీడ్ 1972 ఆల్బమ్ 'ట్రాన్స్‌ఫార్మర్'ని బోవీ, రాన్సన్ ప్రొడ్యూస్ చేశారు. అందులో 'వాక్ ఆన్ ద వైల్డ్ సైడ్' పాటకి ముందు డబుల్ బేస్ వాయించి, దాని మీద ఎలక్ట్రిక్ బేస్‌తో పదో స్వరాన్ని జోడించాడు. రెండు వాయిద్యాలు వాయిస్తే సెషన్ కళాకారుడికి రెట్టింపు కూలి దక్కేది. తన ఆలోచన వెనక అదీ ఉందని ఆయనే నవ్వుతూ ఒప్పుకున్నాడు. ముట్టింది మొత్తం 17 పౌండ్లు.

కూలి సంగతి అటుంచితే, పదో స్వరమే ఎందుకు? మంద్రస్థాయిలో స, గ పక్కపక్కన మోగిస్తే వాటి కంపనాలు ఒకదాన్నొకటి ఒరుసుకుని మసకగా వినిపిస్తాయి. గాంధారాన్ని ఒక స్థాయి పైకి ఎత్తితే, సి 65 హెర్ట్జ్ దగ్గర, ఇ 165 హెర్ట్జ్ దగ్గర విడివిడిగా నిలుస్తాయి. కార్డు తెలుస్తుంది, మసక ఉండదు.

ఒక్క బేస్ మీదే దీన్ని ఇలా పట్టుకోవచ్చు. ఇ తీగ 8వ ఫ్రెట్ మధ్యవేలితో, జి తీగ 9వ ఫ్రెట్ ఉంగరపువేలితో. కుడిచేతి బొటనవేలితో ఇ తీగని, చూపుడువేలితో జి తీగని ఒకేసారి మీటండి. ఇక్కడ పిక్ పనికిరాదు. వేళ్ల ఆకారం చెదరకుండా 13, 14 ఫ్రెట్లకి జారండి. సి నుంచి ఎఫ్‌కి వెళ్లినట్టు. జారేటప్పుడు చేతికన్నా ముందు కళ్లు 13 దగ్గరికి వెళ్లాలి. మధ్యలో ఎ, డి తీగలు మోగకుండా ఎడమచేతి వేళ్ల మెత్తటి భాగాన్ని వాటికి ఆనించి ఉంచండి. పన్నెండో ఫ్రెట్ దగ్గర ఇంటోనేషన్ ఏమాత్రం తప్పినా ఈ జంట స్వరం ఇట్టే పట్టిచ్చేస్తుంది. సెటప్ బాగుందో లేదో చూడ్డానికి ట్యూనర్ కన్నా ఇదే మేలు.

1973లో డేవిడ్ ఎసెక్స్ 'రాక్ ఆన్'కి కూడా ఫ్లవర్సే. జెఫ్ వేన్ ప్రొడ్యూస్ చేసిన ఆ పాటని దాదాపు బేస్, తాళవాద్యాలు, ప్రతిధ్వనే మోస్తాయి. అదే లైన్‌ని ఒక స్థాయి పైన మళ్లీ వాయించి జోడించడం అక్కడి కిటుకు. ఆ తరహా ప్రతిధ్వని కోసం డిలేని 130 మిల్లీసెకన్ల దగ్గర, ఒక్కసారే తిరిగొచ్చేలా పెట్టండి. ఈ అంకె ఊరికే చెప్పడం లేదు. టేప్ మెషీన్‌లో రికార్డు హెడ్‌కీ ప్లేబ్యాక్ హెడ్‌కీ మధ్య దూరం 2 అంగుళాలై, టేపు సెకనుకి 15 అంగుళాల చొప్పున నడిస్తే వచ్చే ఆలస్యం 133 మిల్లీసెకన్లు. తిరిగొచ్చే శబ్దంలో 150 హెర్ట్జ్ కిందిది కోసేయండి. లేకపోతే కింద బురద పేరుకుంటుంది.

యాంప్, రికార్డింగ్

ఆనాటి వేదికల మీద 100, 200 వాట్ల వాల్వ్ యాంప్‌లు, నాలుగేసి 12 అంగుళాల స్పీకర్ల పెట్టెలు ఉండేవి. ఇంట్లో అంత అవసరం లేదు. అలాంటి పాత వాల్వ్ యాంప్ చేతికొస్తే రెండు సంగతులు మరవకండి. స్పీకర్ తగిలించకుండా ఆన్ చేయకూడదు, భారం లేక అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది. 8 ఓమ్స్ పెట్టెలు రెండు సమాంతరంగా (పారలల్) తగిలిస్తే మొత్తం 4 ఓమ్స్ అవుతుంది, సెలెక్టర్‌ని దానికి తగ్గట్టు మార్చాలి. ఇక లోపల కెపాసిటర్లలో ప్లగ్ తీశాక కూడా ప్రాణం తీసేంత వోల్టేజ్ నిలిచి ఉంటుంది. మూత విప్పడం మెకానిక్ పని.

రికార్డింగ్‌కి బేస్‌ని డీఐ పెట్టెతో నేరుగా ఒక ట్రాక్‌లోకి, యాంప్ ముందు మైక్‌తో ఇంకో ట్రాక్‌లోకి తీసుకోండి. మైక్ స్పీకర్‌కి 30 సెంటీమీటర్ల దూరంలో ఉంటే ఆ శబ్దం 0.87 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. రెండు ట్రాకులూ కలిపితే 575 హెర్ట్జ్ దగ్గర ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. అంటే మనక్కావలసిన టక్‌కి కాస్త కిందే గొయ్యి పడుతుంది. మైక్ ట్రాక్‌ని ఆ మేరకు ముందుకి జరిపి, మీటిన క్షణాలు రెండిట్లోనూ కలిసేలా చూడండి.

కంప్రెసర్ (పెద్ద శబ్దాన్ని తగ్గించి సమం చేసేది) నిష్పత్తి 4:1, అటాక్ (అది పట్టుకోడానికి తీసుకునే సమయం) 25 మిల్లీసెకన్లు, రిలీజ్ 100 దగ్గర, తగ్గింపు 4 నుంచి 6 డెసిబెల్స్. అటాక్ 5 మిల్లీసెకన్లకు దించితే పిక్ దెబ్బని కంప్రెసరే మింగేస్తుంది. ఇంత కష్టపడీ ఫలితం శూన్యం. ఈక్వలైజర్‌లో 35 హెర్ట్జ్ కిందిది కోసి, 800 దగ్గర 3 డెసిబెల్స్ పెంచి, 5 కిలోహెర్ట్జ్ పైన వాల్చేయండి. పాన్ (శబ్దం ఎడమా కుడా అనేది) నడిమధ్య. వినైల్ రోజుల్లో దానికి గట్టి కారణమే ఉండేది. మంద్ర స్వరాన్ని ఒక పక్కకి తోస్తే రికార్డు గాడిలో సూది పైకీ కిందకీ ఊగి, ఎగిరి పడేది. సూది లేని ఈ రోజుల్లో కూడా అక్కడే ఉంచండి, షఫుల్ పాటలో కిక్ డ్రమ్, బేస్ ఒక్కచోట నుంచి రావాలి.

మిక్స్ అయ్యాక ఫోన్ స్పీకర్‌లో వినండి. బేస్ స్వరాలు ఏవో చెప్పగలిగితే సరే. లేకపోతే 80 హెర్ట్జ్ దగ్గర పెంచకండి, మళ్లీ స్పంజి దగ్గరికి వెళ్లండి. అది బ్రిడ్జ్ నుంచి ముందుకి జరిగిపోయి ఉంటుంది.